పూస కట్టిన నెయ్యి మంచిదైతే, పూస కట్టిన తేనె కల్తీ ఎలా అయింది?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నకిలీ తేనెని ఇంట్లోనే కనిపెట్టడం ఎలా అని అరపేజీ వేశారు. గ్లాసు నీళ్ళలో చుక్క వేస్తే అడుక్కి పోవాలట, కరిగితే నకిలీ అట. వత్తిని ముంచి వెలిగిస్తే మండాలి. చీమలు పట్టకూడదు. కుక్క నాకకూడదు. సీసాలో గడ్డ కట్టిందంటే ఇక అనుమానమే లేదు, చక్కెర పాకమే. అది చదివి మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు వాళ్ళ ఇళ్ళలోని తేనె సీసాలు తెచ్చి నా ముందు పెట్టారు, ఒకావిడైతే సగం సీసా అప్పటికే సింకులో పారబోసి వచ్చింది. ఆమె పారబోసిన తేనె ఎక్కడిదో, ఏ పూలదో, ఏ నెలలో తీసిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆమెకి అది ఇచ్చింది నేనే. కాబట్టి కాస్త కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. జాగా చాలక కత్తిరించాల్సి వస్తే ఎక్కడైనా కత్తిరించండి గానీ గడ్డ కట్టడం గురించి రాసింది మాత్రం ఉంచండి.

నేను నంద్యాలలో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ విషయంలో మీ చిట్కాలు రాసినవాళ్ళని తిట్టే హక్కు నాకు పూర్తిగా లేదు, ఎందుకంటే ఆ తప్పు వాళ్ళ కన్నా ముందు నేనే చేశాను. నాలుగేళ్ళ కిందట చలికాలంలో పాణ్యం వైపు ఒక పొద్దుతిరుగుడు చేను పక్కన ఒకాయన గుడారం వేసుకుని వంద దాకా తేనెపెట్టెలు పెట్టాడు. ఏలూరు వైపు మనిషి. పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు లారీకి ఎత్తుకుని పోతుంటాడు, సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక తలుపులు మూసి రాత్రికి రాత్రి ప్రయాణం. బస్సు కోసం నిలబడి ఉంటే కనబడ్డాడు, మనవడికి దగ్గు అని రెండు కిలోలు కొన్నాను. సంక్రాంతి నాటికి సీసా అడుగున తెల్లటి మడ్డి దిగింది, ఇంకో వారానికి చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిపడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత వయసొచ్చి, లెక్కల టీచర్ని అయ్యుండి, రోడ్డు పక్క చక్కెర పాకానికి మోసపోయానని, ఆటో మాట్లాడుకుని మరీ ఆ చేను దగ్గరికి పోయాను.

అక్కడ నలుగురు కూలోళ్ళు వింటుండగా ఆయన్ని అనాల్సిన మాటలన్నీ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నులక మంచం మీద దుప్పటి దులిపి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, నేను తాగేదాకా ఆగి, "టీచరు గారూ, మీ ఇంట్లో నెయ్యి పూస కడితే పారబోస్తారా అండి?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మా అత్తగారు నెయ్యి పూస కట్టకపోతే కాచినవాళ్ళని నాలుగు రోజులు దెప్పేది.

ఆయన చెప్పినదీ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తాను. తేనెలో ముఖ్యంగా ఉండేవి రెండు చక్కెరలు, గ్లూకోజ్, ఫ్రక్టోజ్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళే, సుమారు వందకి పద్దెనిమిది పాళ్ళు. అంత తక్కువ నీళ్ళలో అంత చక్కెర ఇమిడి ఉండటమే విచిత్రం, ఇక గ్లూకోజ్‌కి ఫ్రక్టోజ్ అంత ఓపిక లేదు, చలి తగలగానే గింజ కట్టి విడిపోతుంది. ఏ పూల తేనెలో గ్లూకోజ్ ఎక్కువ ఉంటే అది అంత త్వరగా గడ్డ కడుతుంది. పొద్దుతిరుగుడు తేనె, ఆవాల తేనె వారాల్లోనే కడతాయి. కశ్మీర్ వైపు దొరికే అకేసియా తేనెలో ఫ్రక్టోజ్ ఎక్కువ, అది ఏడాదైనా జారుతూనే ఉంటుంది. అంటే గడ్డ కట్టడం ఆ పూల స్వభావం, కల్తీకి గుర్తు కాదు. మళ్ళీ జారుగా కావాలంటే సీసాని గోరువెచ్చని నీళ్ళలో, చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడిలో, ఒక గంట ఉంచితే సరి. నేను ఇప్పుడు కరిగించను కూడా. వేడి జొన్న రొట్టె మీద ఆ గట్టి తేనె రాసుకుంటే వెన్నలాగా మెల్లగా కరుగుతుంది, అలా తిన్నవాళ్ళకి జారే తేనె ఆనదు.

ఆ రోజు ఆయన నన్ను ఊరికే పంపలేదు. గుడారంలోంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు, అందులో చిన్న చిన్న సీసాలు, ఒక్కోదాని మీద పెన్నుతో పూవు పేరు, ఊరు, నెల. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒక గుప్పెడు, ఒక గిన్నెలో బొరుగులు. ఒకటి రుచి చూశాక నాలుగు బొరుగులు నమిలి, ఒక గుక్క నీళ్ళు తాగి, అప్పుడు రెండోది అన్నాడు. నోట్లో వేసుకోగానే మింగకూడదట, నాలుక మీద ఉంచి నోరు మూసి ముక్కుతో గాలి వదలాలట. వాసన అప్పుడే తెలుస్తుంది. మొదట నాకు నవ్వొచ్చింది. మూడో పుల్లకి నవ్వు పోయింది.

పొద్దుతిరుగుడుది లేత పసుపు, నోట్లో మెత్తగా, పెద్దగా వాసన ఉండదు. నువ్వు పూలది పల్చటి బంగారు రంగు. జామాయిల్ తోటలది ముదురు రంగు, గొంతు దగ్గర మందుల వాసన లాంటిది తగులుతుంది. అరకు వైపు వలిసె పూలది, ఆ పసుపు చేలు ఫొటోలు తీసుకోవడానికి జనం ఎగబడి పోతారు చూడండి, ఆ పూల తేనె కూడా త్వరగా పూస కడుతుంది. ఉగాది రోజుల్లో తీసిన వేప తేనె మొదట మామూలుగానే ఉండి, మింగాక చివర్లో సన్నటి చేదు మిగిల్చింది, ఉగాది పచ్చడి తిన్న పిల్లాడిలా మొహం పెట్టానట నేను. ఇక ఆఖరిది కర్నూలు వైపు వాము చేల దగ్గర తీసింది. కర్నూలు మార్కెట్‌కి వాము బస్తాలు వస్తాయని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, వాము పూస్తుందని, ఆ పూలకి తేనె ఉంటుందని ఒక్కసారైనా ఆలోచించానా? లేదు. ఆ పుల్ల నాలుక మీద పెట్టుకున్న మరుక్షణం చిన్నప్పుడు కడుపునొప్పి వస్తే మా అవ్వ అరచేతిలో నలిపి పెట్టిన వామే గుర్తొచ్చింది, అదే ఘాటు, కానీ తియ్యగా, లోతుగా, ఎక్కడో వెనక. నా అరవై ఏళ్ళ జీవితంలో తేనె అంటే ఒక రంగు, ఒక రుచి, ఒక కంపెనీ సీసా అనుకుని బతికాను కదా అని నాకే సిగ్గేసింది.

తర్వాత ఒక పెట్టె మూత తీశాడు. పొగడబ్బాలో పాత గోనెపట్టా ముక్కలు రాజేసి రెండు మూడు సార్లు పొగ ఊదాడు. నెమ్మదిగా ఒక ఫ్రేమ్ పైకి లాగి ఎండకి పట్టాడు. నాకు ముందు తెలిసింది వాసన, మైనం, తేనె, ఇంకా లోపల ఏదో వెచ్చటి పిండి వాసన. ఒక పక్క గదులు తెల్లటి మైనంతో మూసి ఉన్నాయి, అది పక్వానికి వచ్చిన తేనె. ఇంకో పక్క మూత లేని గదుల్లో పల్చటి మకరందం తళతళలాడుతోంది. ఈగలు తెచ్చినప్పుడు దాంట్లో సగానికి పైగా నీళ్ళే ఉంటాయి, రెక్కలతో విసిరి విసిరి ఆ నీళ్ళు ఎగరగొట్టి చిక్కబడ్డాకే మూత వేస్తాయి. ఫ్రేమ్‌లో మూడు వంతులైనా మూత పడకముందే తేనె తీస్తే పల్చగా ఉండి పులుస్తుంది, కక్కుర్తి పడి ముందే తీసేవాళ్ళూ ఉన్నారని ఆయనే చెప్పాడు. మధ్యలో ఒక గది మూతని లోపలి నుంచి కొరుక్కుంటూ ఒక ఈగ బయటికి వస్తోంది, తల ముందు, ఒళ్ళంతా తడిగా బూడిద రంగు నూగు. గుడ్డు పెట్టిన ఇరవై ఒకటో రోజు అన్నమాట. బయటికి వచ్చి తూలింది, పక్కనున్నవి దాని మీద నుంచే నడుచుకుంటూ పోయాయి, ఒక్కటీ పట్టించుకోలేదు. అది పూలు తిరిగే సీజన్లో బతికేది ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో అది కూడబెట్టే తేనె ఒక చిన్న చెంచాలో పన్నెండో వంతు అంటారు. ముప్పై ఏళ్ళు భిన్నాలు చెప్పాను గానీ పన్నెండో వంతు అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

లెక్కల టీచర్ని కదా, ఇంకో రెండు ముక్కలు చెప్పకపోతే మనసొప్పదు. ఆ గదులు షడ్భుజులు. తక్కువ మైనంతో ఎక్కువ చోటు రావాలంటే సమాన గదులకి షడ్భుజిని మించిన ఆకారం లేదని రెండు వేల ఏళ్ళ కిందటే రోమన్ పండితుడు వారో అన్నాడు, కానీ అది పూర్తిగా నిరూపించింది 1999లో థామస్ హేల్స్ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త. ఇక నాట్యం సంగతి. పూలు కనిపెట్టి వచ్చిన ఈగ తేనెపట్టు మీద ఎనిమిది అంకెలాగా తిరుగుతుంది, నడుమ ఒళ్ళు ఊపుతూ తిన్నగా నడిచే గీత నిట్టనిలువుకి ఎంత కోణంలో ఉందో, బయట సూర్యుడి దిక్కుకి అంత కోణంలో పూలున్నాయని అర్థం. ఆ గీత మీద ఎంతసేపు నడిస్తే అంత దూరం. దీన్ని విప్పి చెప్పినందుకు కార్ల్ వాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ ఇచ్చారు. ఇది ముందే తెలిసుంటే కోణాల పాఠం చెప్పేటప్పుడు పిల్లలు కోణమానినితో బెంచీలు చెక్కకుండా ఉండేవాళ్ళేమో.

ఆ తర్వాత ఐదు రోజుల శిక్షణకి పోయాను, అందరిలోకీ పెద్దదాన్ని నేనే. ఇప్పుడు మా పెరట్లో మన పుట్ట తేనెటీగలవి రెండు పెట్టెలున్నాయి. పెద్ద గొప్పేమీ లేదు. మొదటి ఏడు తేనె తీసింది మొత్తం కిలోంబావు. రెండో ఏడు మే నెల ఎండలకి, మైనపు పురుగుకి తట్టుకోలేక ఒక పెట్టెలోవి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాయి, పొద్దున చూస్తే ఉత్త పట్టు, రెండు చచ్చిన ఈగలు. ఆ రోజు అన్నం సయించలేదంటే నమ్మండి. ఇప్పుడు వేసవిలో తడి గోనెపట్టా కప్పుతున్నాను, పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పెడుతున్నాను, మునిగిపోకుండా రాళ్ళ మీద వాలి తాగుతాయి. కుట్టించుకోవడం అలవాటైపోయింది. ముల్లుని ఎలాగైనా సరే వెంటనే తీసేయాలి, ఆలస్యమైన కొద్దీ విషం ఇంకా లోపలికి దిగుతుంది. ఇంకో చిత్రం, ఈగలు కోపమొచ్చినప్పుడు వదిలే వాసన అరటిపండు వాసనలా ఉంటుంది, అందుకే అరటిపండు తిని పెట్టె దగ్గరికి పోవద్దన్నారు. మా ఆయన ఈ మాట లెక్క చేయకుండా ఒకసారి పోయాడు. మిగతాది రాయొద్దన్నాడు.

ఇక మీ చిట్కాలకి వస్తాను. మీరు వేసిన పరీక్షలన్నీ వంటింట్లో వరసగా చేసి చూశాను. బెల్లం తీగపాకం పట్టి చల్లార్చి నీళ్ళలో వేస్తే రాయిలా అడుక్కి పోయింది. చిక్కగా ఉన్నది ఏదైనా మునుగుతుంది, అంతే. వానలు మొదలయ్యాక నల్లమల అడవిలో తీసిన తేనె ఒకటి నా దగ్గరుంది, దాంట్లో నీటి పాలు ఎక్కువ, అది గబగబా కలిసిపోయింది. మీ లెక్కన బెల్లం పాకం పాసు, నల్లమల తేనె ఫెయిలు. చీమలు అసలు తేనెకి పట్టవట! అయితే నా పెట్టెల నాలుగు కాళ్ళ కింద నాలుగు నీళ్ళ గిన్నెలు ఎందుకు పెట్టుకున్నట్టు? కుక్క సంగతి కుక్క ఆకలిని బట్టి ఉంటుంది, మా వీధి కుక్క నా తేనె శుభ్రంగా నాకి ఇంకా ఉందా అన్నట్టు చూసింది. వత్తి పరీక్షలో మాత్రం అన్నీ చిటపటలాడి నా వేలు కాలింది.

అసలు మోసం వంటింటి పరీక్షలకి దొరికేది కాదు, అదే మీరు రాయాల్సింది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు మార్కెట్లో దొరికే 13 బ్రాండ్ల తేనెని పరీక్ష చేయించి, అన్ని పరీక్షలూ నెగ్గినవి మూడే అని చెప్పారు. కంపెనీలు ఒప్పుకోలేదు, అది వేరే గొడవ. కానీ ఎలా చేస్తారన్నది అందులో తెలిసింది. చెరకు, మొక్కజొన్న ఒక తీరు మొక్కలు, వాటి చక్కెర కలిపితే ల్యాబులో పాత పరీక్షకే దొరికిపోతుంది. వరి ఆ తీరు కాదు, తేనెనిచ్చే పూల మొక్కల్లో ఎక్కువ భాగం తీరే. అందుకని బియ్యం పాకం కలిపితే పాత పరీక్ష కళ్ళు మూసుకుంటుంది, ఎన్‌ఎంఆర్ లాంటి ఖరీదైన పరీక్షలు చేస్తే తప్ప బయటపడదు. ఇంత తెలివి ఉపయోగించి కలిపేవాడు మన గ్లాసు నీళ్ళకి దొరుకుతాడా? ఆ పాకం ఎప్పుడూ జారుతూనే ఉంటుంది, సులువుగా గడ్డ కట్టదు, ఏడాది పొడుగునా ఒకే రంగు ఒకే రుచి. అంటే మీరు చెప్పిన గుర్తుల ప్రకారం బంగారం లాంటి తేనె అదే.

నిజం చెప్పాలంటే ఆ పాకాన్ని పిలిచి పీట వేసింది మనమే. తేనె ఎప్పుడూ జారుతూ ఉండాలి, లేత బంగారు రంగులో మెరవాలి అని మనం అడుగుతున్నాం. నిజం తేనె అమ్మే కంపెనీ కూడా షాపులో గడ్డ కట్టకుండా ఉండటానికి వేడి చేసి, సన్నగా వడగట్టి, నాలుగు రాష్ట్రాల తేనెలు ఒకే ట్యాంకులో కలిపేస్తుంది. వాము పోయింది, వేప పోయింది, వలిసె పోయింది. రోడ్డు పక్క ఆయన సీసా పూస కట్టిందని మన బోటి వాళ్ళం పోయి పోట్లాడతాం.

ఒక మాట మా వాళ్ళ తప్పు గురించీ చెప్పాలి, లేకపోతే అన్యాయం. పూత లేని రోజుల్లో ఈగలు ఆకలికి చావకుండా పెంపకందార్లు చక్కెర నీళ్ళు పెడతారు, నేనూ పెడతాను. అది మోసం కాదు. కానీ తేనె నింపే పై అర పెట్టెకి ఎక్కించాక కూడా చక్కెర నీళ్ళు పెట్టి దాన్నే తీసి అమ్మితే మోసమే, అలా చేసేవాళ్ళు లేరని నేను ప్రమాణం చేయలేను.

ఇప్పుడు నల్లమల సంగతి. ఆత్మకూరు దాటి బైర్లూటి వైపు చెంచు గూడేనికి మా పాత స్టూడెంటు ఒకడు తీసుకుపోయాడు. వాళ్ళు తెచ్చేది పెద్ద ఈగల తేనె, కొండ చరియలకి, ఎత్తైన చెట్లకి ఒక్కటే పెద్ద తుట్టె కడతాయే అవి, ఆ ఈగలు పెట్టెలో ఉండవు. రాత్రిపూట పొగ పెట్టి, కొండ పైనుంచి తాడు మీద వేలాడుతూ కోస్తారు. పైన తాడు పట్టుకునేది ఎప్పుడూ బావమరిదే అని ఒక పెద్దాయన చెప్పాడు, తోడబుట్టిన దాని పసుపుకుంకుమలు తన చేతిలోనే ఉన్నాయి కాబట్టి చచ్చినా వదలడని. విన్నప్పుడు నవ్వాను. మరుసటి రోజు ఆ చరియ అంచు దూరం నుంచి చూపించాడు, మోకాళ్ళు వణికాయి. వెనకటి లాగా తుట్టె మొత్తం కోసి పిండకుండా తేనె ఉన్న భాగమే కోసి పిల్లల భాగం వదిలేస్తే ఈగలు ఆ తుట్టెనే మళ్ళీ నింపుకుంటాయి, ఇప్పుడు అలా కోసేవాళ్ళున్నారు. ఆ తేనె ముదురు గోధుమ రంగు, పల్చగా, పొగ వాసనతో, కాస్త పులుపు. మూత తీస్తే పైన నురుగు. మన టౌన్ వాళ్ళు ఆ నురుగు చూసి పులిసిపోయిందని, పల్చగా ఉందని నీళ్ళు కలిపారని అంటారట. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ఇలాంటి అటవీ తేనె కొని అమ్ముతోంది, అది మంచి పనే. నేననేది ఒక్కటే, ఆ సీసా మీద గిరిజన్ తేనె అని ఉన్నట్టే ఏ అడవిది, ఏ నెలది అని కూడా ఉంటే, నల్లమలకీ పాడేరుకీ తేడా ఉందని కొనేవాళ్ళకి తెలుస్తుంది కదా.

ఇలా పూవు పేరు, ఊరి పేరు వేసి అమ్మడం కొత్త సంగతేం కాదు. మా అక్క కొడుకు కువైట్ నుంచి వస్తూ యెమెన్ తేనె అని అరకిలో తెచ్చాడు, సిద్ర్ అంటారట, ధర వింటే కళ్ళు తిరిగాయి. అది ఏ చెట్టో అని వెతికితే, మన రేగు జాతి చెట్టే! మన దగ్గర గంగిరేగు పూస్తే ఎవరికైనా పట్టిందా? న్యూజీలాండ్ వాళ్ళు మనూకా అని ఒక పొద పేరుతోనే తేనెని ప్రపంచమంతా అమ్ముతున్నారు, సీసా మీద ల్యాబు అంకె వేసి మరీ. బెంగాల్ వాళ్ళు సుందరబన్ తేనెకి 2024లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. పూవు పేరు, ఊరి పేరు చెప్పి అమ్ముకుంటే తీసేవాడికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి, మోసగాడికి కలపడం కష్టమవుతుంది, ఎందుకంటే వాము వాసన బియ్యం పాకంలో పుట్టదు.

రైతుల గురించి కూడా రెండు ముక్కలు వేయండి. మా ఏలూరాయన్ని రెండు ఊళ్ళలో చేను గట్టు మీద నుంచి తరిమేశారు, ఈగలు పూల సారమంతా పీల్చేస్తే గింజ తాలు పోతుందని. జరిగేది దానికి సరిగ్గా తిరగబడి. పొద్దుతిరుగుడులో పుప్పొడి ఒక పూవు నుంచి ఇంకో పూవుకి చేర్చేవి ఈగలే, అవి రాకపోతేనే గింజలు తాలుగా మిగులుతాయి. తెలిసిన రైతులు పెట్టెలు పెట్టమని పిలిచి బాడుగ కూడా ఇస్తారు. ఇంకా ఘోరం, పూత మీద ఉన్నప్పుడు పొద్దున తొమ్మిదింటికి, ఈగలు నిండుగా తిరిగే వేళ, మందు కొడతారు. సాయంత్రం ఈగలు గూటికి చేరాక కొడితే పురుగు చస్తుంది, ఈగ చాలావరకు బతుకుతుంది. ఒక పొద్దున ఆయన పెట్టెల ముందు చచ్చిన ఈగలు చీపురుతో ఊడ్చేంత పడి ఉన్నాయి, నేను చూశాను. అసలు ఈ పక్క పొద్దుతిరుగుడే తగ్గిపోయింది, ఎక్కడ చూసినా శనగే, శనగ పూవులో ఈగకి దొరికేది ఏమంత లేదు. పోయిన చలికాలం ఆయన ఇటు రాలేదు.

ఆఖరుగా ఒకటి, ఇది మాత్రం నవ్వులాట కాదు. మీ చిట్కాల్లో పుట్టిన బిడ్డకి తేనె నాకిస్తే మాటలు బాగా వస్తాయని ఒక లైను వేశారు. దయచేసి దాన్ని దిద్దండి. ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు పెట్టకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు, తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు పెద్దవాళ్ళని ఏమీ చేయవు గానీ పసికందు పేగుల్లో మొలకెత్తి విషం పుట్టించి ప్రాణం మీదికి తెస్తాయి. తేనె అమ్ముకునేదాన్ని నేనే చెబుతున్నాను, పెట్టొద్దు. బారసాలకి వెళ్ళినప్పుడల్లా నేనూ ఈ మాట చెప్పి తిట్లు తింటున్నాను, మీ పేపర్లో వస్తే పెద్దవాళ్ళు వింటారు.

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న సీసా పంపుతున్నాను. పాణ్యం పొద్దుతిరుగుడు తేనె, రెండేళ్ళ కిందటి జనవరిలో తీసింది, నా దగ్గర మిగిలిన ఆఖరిది. మీకు చేరేసరికి గట్టిగానే ఉంటుంది, కంగారు పడకండి. వేడి రొట్టె దొరికితే రాసుకుని తినండి, దొరక్కపోతే చెంచాతో గీక్కుని తినండి. నీళ్ళ గ్లాసులో మాత్రం వేయకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
నంద్యాల